రైలు కంపెనీ కట్టిన హోటల్: గ్లేసియర్ పార్క్ లాడ్జ్‌లో బస

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఉన్న గ్లేసియర్ నేషనల్ పార్కుకు వెళ్లే మనవాళ్లలో, నాకు తెలిసినంతలో, చాలామంది కాలిస్పెల్ విమానాశ్రయంలో దిగి, అక్కడే కారు అద్దెకు తీసుకుని పడమటి ద్వారం గుండా పార్కులోకి వెళ్తారు. అలా వెళ్లేవారికి తూర్పు వైపున, పార్కు హద్దుకు బయట, ఈస్ట్ గ్లేసియర్ పార్క్ అనే చిన్న ఊళ్లో ఉన్న గ్లేసియర్ పార్క్ లాడ్జ్‌లో ఎందుకు దిగాలో ఒక పట్టాన అర్థం కాదు. పార్కును అడ్డంగా దాటే ప్రసిద్ధమైన కొండదారి అక్కడికి దగ్గరలో లేదు, గది కిటికీ తెరిస్తే సరస్సు కనిపించదు, అద్దె చూస్తే తక్కువేమీ కాదు. దాన్ని కట్టినవారెవరో, ఎవరిని దృష్టిలో పెట్టుకుని కట్టారో తెలిసిన తర్వాత మాత్రం ఈ ప్రశ్నలన్నిటికీ ఒకటే జవాబు దొరుకుతుంది. ఆ స్థలాన్ని ఎంచినవారు సరస్సునో శిఖరాన్నో చూడలేదు, రైల్వే స్టేషనును చూశారు. రైలు దిగినవారు పెట్టె చేత పట్టుకుని నాలుగడుగులు వేస్తే గుమ్మంలోకి వచ్చేయాలన్నదే వారి లెక్క. అందుకని ఈసారి మేము కారు ఊసెత్తకుండా షికాగోలో ఎంపైర్ బిల్డర్ అనే రైలు ఎక్కి, ఆ హోటల్‌కు దాన్ని కట్టినవారు అనుకున్న పద్ధతిలోనే వెళ్లి చూశాము.

హోటల్ కంటే ఇరవై ఏళ్లకు పైగా ముందే అక్కడికి పట్టాలు వచ్చాయి. సెయింట్ పాల్ నగరం కేంద్రంగా గ్రేట్ నార్తర్న్ రైల్వేను నడిపిన జేమ్స్ జె. హిల్‌కు, పసిఫిక్ తీరం దాకా లైను వేయడానికి రాకీ పర్వతాల్లో వీలైనంత తక్కువ ఎత్తున్న కనుమ కావలసి వచ్చింది. 1889 డిసెంబరులో, గడ్డకట్టే చలిలో, జాన్ ఎఫ్. స్టీవెన్స్ అనే ఇంజనీరు మరియాస్ కనుమను కనుక్కున్నాడు. ఆ తర్వాత పనామా కాలువకు ముఖ్య ఇంజనీరుగా పనిచేసింది ఈయనే. కనుమ ఎత్తు 5,213 అడుగులు. 1891లో పట్టాలు దాన్ని దాటాయి, 1893 నాటికి సియాటిల్ చేరాయి. అంత గొప్ప కొండల పక్కనుంచి రోజూ రైళ్లు వెళ్తున్నా, అక్కడ దిగే ప్రయాణికుడు మాత్రం లేడు. దిగినా తలదాచుకునే చోటు లేదు. అప్పటికే నార్తర్న్ పసిఫిక్ రైల్వేకు ఎల్లోస్టోన్ ఉంది. శాంటా ఫే రైల్వే 1905లో గ్రాండ్ కాన్యన్ అంచున ఎల్ తోవార్ హోటల్ తెరిచి టికెట్లు అమ్ముకుంటోంది. గ్రేట్ నార్తర్న్‌కు చూపించుకోవడానికి తనదంటూ ఒక పార్కు లేదు.

1910 మే 11న అధ్యక్షుడు టాఫ్ట్ సంతకంతో గ్లేసియర్ జాతీయ ఉద్యానమైంది. ఆ ప్రాంతాన్ని కాపాడాలని ఏళ్ల తరబడి రాసినవారిలో ముఖ్యుడు జార్జ్ బర్డ్ గ్రినెల్. చట్టం రావడానికి రైల్వే కూడా తన పలుకుబడిని ఉపయోగించింది. పార్కు ఏర్పడ్డాక దాన్ని తన సొంత వ్యవహారంలా భుజాన వేసుకున్నది హిల్ కుమారుడు లూయీ హిల్. ఏటా వేలాది అమెరికన్లు వేసవికి స్విట్జర్లాండు వెళ్లి డబ్బు ఖర్చుపెట్టడం చూసి, ముందు అమెరికాను చూడండి అనే ప్రచార నినాదాన్ని ఆయన ఎత్తుకున్నాడు, గ్లేసియర్‌ను అమెరికా ఆల్ప్స్ అని ప్రకటనల్లో రాయించాడు. పార్కు లోపలి కట్టడాలు స్విస్ ఇళ్ల పోలికతో ఉండటానికి కారణం ఆ వ్యాపార దృష్టే గాని మోంటానా సంప్రదాయమేదో కాదు. 1914లో ఐరోపాలో యుద్ధం మొదలై అటు దారులు మూసుకుపోవడంతో ఆయన పాచిక ఇంకా బాగా పారింది.

హోటల్ 1913 జూన్‌లో తెరుచుకుంది. అప్పటి పేరు గ్లేసియర్ పార్క్ హోటల్. సెయింట్ పాల్‌కు చెందిన శామ్యూల్ బార్ట్‌లెట్ దీనికి నక్షా గీశాడు, కానీ ఆలోచన మాత్రం లూయీ హిల్‌ది. 1905లో పోర్ట్‌లండ్‌లో జరిగిన లూయిస్ అండ్ క్లార్క్ శతజయంతి ప్రదర్శనలో అడవుల శాఖ కోసం పెద్ద పెద్ద దుంగలతో కట్టిన భవనం ఒకటుండేది, అది ఆయనకు బాగా నచ్చింది. దాని పోలికతోనే ఇక్కడి హాలును కట్టించాడు. హాలు సుమారు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు ఉంటుంది. దాన్ని, బయటి వరండాలను మోస్తున్న మహావృక్షాలు మొత్తం 60. హాల్లోవి డగ్లస్ ఫర్ చెట్లు, వరండాల్లోవి దేవదారు జాతివి. ఒక్కొక్కటి 40 అడుగుల ఎత్తు, మూడడుగులకు మించిన లావు. నరికే నాటికే వాటి వయసు 500 ఏళ్లకు పైమాటని చెబుతారు. హోటల్ ఉన్నచోట అంతటి చెట్లు పెరగవు. పసిఫిక్ తీరపు అడవుల నుంచి వాటిని రైలు బళ్ల మీదే తెచ్చారు. పట్టాలు లేకపోతే ఈ కట్టడమే లేదన్నది వాచ్యార్థంలోనే నిజం.

ఫొటోల్లో చూసినప్పుడు ఆ స్తంభాలు నున్నగా చెక్కినవని అనిపిస్తుంది, దగ్గరికి వెళ్తే తెలుస్తుంది, హాల్లోని మానుల మీద బెరడు ఇంకా అలాగే ఉంది. పగుళ్ల మధ్య గాడిలో చూపుడువేలు ఒక కణుపు దాకా దిగిపోతుంది. చేయి అందే ఎత్తులో మాత్రం శతాబ్దం పైబడి తాకిన చేతుల వల్ల బెరడు అంచులు అరిగి, రంగు ముదిరి మెరుస్తున్నాయి. అంతకు పైన చెట్టు అడవిలో ఉన్నప్పుడు ఎలా ఉండేదో అలాగే గరుకుగా ఉంది. మన గుళ్లలో మండపాలు చూసిన కళ్లకు ఆ రెండు వరసల స్తంభాలు, మధ్యలో ఎత్తయిన నడవ, పక్కల మూడంతస్తుల్లో హాల్లోకి చూస్తున్న వసారాలు కొత్తగా అనిపించవు. వెలుగు పైకప్పు అద్దాల నుంచి కిందికి వస్తుంది. ఉదయం, సాయంత్రం ఆ వెలుగు ఒక వైపు మానుల మీదనే పడుతుంది, రెండో వైపు చీకటిగానే ఉండిపోతుంది. ఆ హాల్లో గంటసేపు ఊరికే కూర్చోవడం, పార్కులో చేసిన ఏ నడకకూ తీసిపోని అనుభవం. గది తీసుకోకపోయినా హాలు చూడటానికి ఎవరైనా వెళ్లవచ్చు. పక్కదారిలో వెళ్లేవారు కూడా ఒక అరగంట ఆగి చూసి వెళ్లడం మంచిది.

ఆ నేల ఎవరిదన్న సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. హోటల్ నేటికీ బ్లాక్‌ఫీట్ ఆదివాసుల రిజర్వేషన్ హద్దుల్లోనే ఉంది. పార్కు తూర్పు సగం కూడా ఒకప్పుడు వారిదే. అడవిదున్నలు అంతరించి, 1883–84 చలికాలంలో వందలాది మంది తిండి లేక చనిపోయిన తర్వాత, పూర్తిగా చితికిపోయిన స్థితిలో ఉన్న ఆ జాతితో ప్రభుత్వం 1895లో బేరం కుదుర్చుకుంది. కొండల పట్టీ మొత్తాన్ని 15 లక్షల డాలర్లకు తీసుకుంది. ప్రభుత్వం తరఫున బేరమాడిన ముగ్గురిలో, పైన చెప్పిన గ్రినెల్ ఒకరు. వేటాడే హక్కు, చేపలు పట్టే హక్కు, కలప కొట్టుకునే హక్కు తమకు ఉంటాయని బ్లాక్‌ఫీట్ వారు ఒప్పందంలో రాయించుకున్నారు, పార్కు వచ్చాక అవి చెల్లవన్నారు. ఆ వివాదం ఇంకా మనసుల్లో రగులుతూనే ఉంది. హోటల్ కోసం రిజర్వేషన్‌లోని 160 ఎకరాలను రైల్వే కొనుక్కోవడానికి ప్రత్యేకంగా చట్టమే చేయవలసి వచ్చింది. భూమి పోయిన మనుషులనే రైల్వే తన ప్రకటనలకు ముఖచిత్రంగా వాడుకోవడం ఇందులో మరీ విడ్డూరమైన సంగతి. ఈకల తలపాగాలతో వారు స్టేషను దగ్గర రైలుకు ఎదురువచ్చేవారు, హోటల్ ముందున్న పచ్చికలో వారి గుడారాలు వేయించేవారు, వారిని గ్లేసియర్ పార్క్ ఇండియన్లని పిలిచేవారు. 1928 నుంచి వినోల్డ్ రైస్ అనే చిత్రకారుడు గీసిన బ్లాక్‌ఫీట్ ముఖచిత్రాలు రైల్వే క్యాలెండర్ల మీద దేశమంతా వెళ్లాయి. బొమ్మలు చాలా గొప్పవి. మనిషి గౌరవం వాటిలో చెక్కుచెదరలేదు. అవి ఎందుకు అచ్చయ్యాయో గుర్తు పెట్టుకునే చూడాలి.

ఈ హోటల్ ఒక్కటే కట్టి రైల్వే ఊరుకోలేదు. 1910లోనే పడమటి వైపు స్టేషను ఎదురుగా బెల్టన్ షాలే తెరిచింది. తర్వాత కొన్నేళ్లలో టూ మెడిసిన్, కట్ బ్యాంక్, సెయింట్ మేరీ, స్పెర్రీ, గ్రానైట్ పార్క్ వంటి చోట్ల షాలేలు, అంటే కొండ విడిదిళ్లు, వరసగా లేచాయి. ఒకదానికొకటి గుర్రం మీద ఒక పగటి ప్రయాణం దూరంలో ఉండేట్లు ఏర్పాటు చేశారు. యాత్రికులు హోటల్‌లో దిగి, ఒక రాత్రి విశ్రాంతి తీసుకుని, మర్నాడు గుర్రమెక్కి కొండల్లోకి వెళ్లేవారు. 1920ల్లో ఇక్కడ సుమారు వెయ్యి గుర్రాలు పనిచేసేవి. గుర్రం వద్దనుకునేవారికి 1914 నుంచే మోటారు బస్సులుండేవి. మొత్తం యాత్రకు టికెట్టు, భోజనం, పడక, వాహనం అన్నీ ఒకే కంపెనీ చేతుల్లో ఉండేవి. ఇవాళ్టి ప్యాకేజీ టూర్లవారు చెప్పుకునే సదుపాయాలన్నీ అప్పుడే అక్కడ ఉన్నాయి. హోటళ్లు స్వయంగా లాభం తేవాలని రైల్వే ఆశించలేదు. వచ్చినవాడు షికాగో నుంచో సెయింట్ పాల్ నుంచో టికెట్టు కొనుక్కుని రావాలి, లాభమంతా ఆ టికెట్టులోనే ఉంది.

లెక్క తప్పింది కూడా అక్కడే. గోయింగ్ టు ద సన్ రోడ్డును 1933 జులైలో లాంఛనంగా ప్రారంభించారు. దాదాపు 50 మైళ్ల ఆ దారి 6,646 అడుగుల లోగన్ కనుమ మీదుగా పార్కును అటునుంచి ఇటు దాటిస్తుంది. ఇక సొంత కారున్నవాడికి రైలూ గుర్రమూ అక్కర్లేకపోయాయి, వారం రోజుల యాత్ర ఒక పూట విహారమైంది. పైగా ఆర్థిక మాంద్యం, ఆ వెంటనే యుద్ధం. యుద్ధకాలంలో హోటళ్లు మూతపడ్డాయి, కట్ బ్యాంక్ షాలే వంటివి 1940ల చివర నేలమట్టమయ్యాయి. 1936లో కార్చిచ్చు కొండ దాటి, పార్కులో రైల్వేదే అయిన మెనీ గ్లేసియర్ హోటల్ మీదికి వచ్చినప్పుడు సిబ్బంది రాత్రంతా పైకప్పు తడుపుతూ దాన్ని కాపాడారు. హోటల్ దక్కిందని తంతి కొడితే, కంపెనీ ప్రధాన కార్యాలయం నుంచి "ఎందుకు?" అని ఒక్క మాటే తిరుగు తంతి వచ్చిందని అక్కడ కథగా చెప్పుకుంటారు. జరిగినా జరగకపోయినా, కంపెనీకి అప్పటికి ఆ హోటళ్లు ఎంత బరువైపోయాయో ఆ కథ చెబుతుంది. 1960–61 ప్రాంతంలో రైల్వే వాటిని డాన్ హమ్మెల్ అనే వ్యాపారికి అమ్మేసింది. 1981లో గ్రేహౌండ్ సంస్థ కొన్నది. ఆ సంస్థే పేర్లు మారుతూ వచ్చి, గ్లేసియర్ పార్క్ లాడ్జ్‌ను ఇప్పుడు పర్స్యూట్ పేరుతో నడుపుతోంది. గ్రేట్ నార్తర్న్ 1970లో బర్లింగ్టన్ నార్తర్న్‌లో కలిసిపోయింది, ప్రయాణికుల రైళ్లు 1971 మే 1 నుంచి ఆమ్‌ట్రాక్ అనే జాతీయ రైలు సంస్థ చేతికి వచ్చాయి. కట్టించిన కంపెనీ లేదు, 1929లో ఆ కంపెనీ పెద్ద హిల్ బిరుదుతో మొదలుపెట్టిన ఎంపైర్ బిల్డర్ మాత్రం అదే స్టేషనులో ఇంకా ఆగుతోంది.

ఇక ప్రయాణం సంగతి. షికాగోలో మధ్యాహ్నం బయలుదేరిన రైలు మర్నాడు పగలంతా నార్త్ డకోటా, మోంటానా మైదానాల మీద నడిచి, సాయంత్రానికి ఈస్ట్ గ్లేసియర్ పార్క్ చేరుతుంది. సియాటిల్ నుంచి వచ్చేవారు సాయంత్రం ఎక్కితే మర్నాడు ఉదయం దిగుతారు. వేసవిలో అక్కడ రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది కాబట్టి రెండు దిక్కుల రైళ్లూ కొండలను పగటిపూటే దాటుతాయి. రెండంతస్తుల పెట్టెలు, అద్దాల గోడలున్న విహారపు పెట్టె, కాళ్లు చాపుకోవడానికి సరిపడా చోటున్న కుర్చీలు చూస్తే, ఒక రాత్రికి కుర్చీ టికెట్టే చాలు. పడక గది హాయిగానే ఉంటుంది, భోజనం కూడా అందులో కలిసి వస్తుంది, అయితే ధర విమానం టికెట్టును సులువుగా మించిపోతుంది. పట్టాలు సరకు రవాణా కంపెనీవి కాబట్టి ఈ లైనులో ఆలస్యం మామూలే. దిగిన రోజే ఇంకేదో పని పెట్టుకోకుండా ఉంటే ఆ ఆలస్యం బాధించదు. గంటల తరబడి గోధుమ పొలాలు, గడ్డి మైదానాలు, ఒంటరి ధాన్యపు గిడ్డంగులు తప్ప ఏమీ కనిపించవు. మా పెట్టెలో కొందరు విసుగుపడ్డారు. నాకు మాత్రం ఆ చదును అవసరమే అనిపించింది. కట్ బ్యాంక్ ఊరు దాటిన తర్వాత పడమటి అంచున కొండల వరస ఒక్కసారిగా లేచి నిలబడటం, ఆ పొలాల వెంట వచ్చినవాడికే తెలుస్తుంది. విమానంలో దిగినవాడికి ఆ లేవడం ఉండదు.

స్టేషను ఒక చిన్న చెక్క భవనం. దాని ముందు నిలబడితే, పూలమొక్కలు నాటిన పొడవాటి పచ్చిక చివర హోటల్ కనిపిస్తుంది. నడక అయిదారు నిమిషాలు. పెద్దవాళ్లుంటే, సామాను ఎక్కువుంటే, హోటల్ బండి కోసం ముందే చెప్పి ఉంచుకోవచ్చు. గదుల విషయంలో ఆశలు అదుపులో ఉంచుకోవడం మంచిది. మొత్తం 161 గదులు. ప్రధాన భవనంలో కొన్ని, 1914లో చేర్చిన అనుబంధ భవనంలో కొన్ని ఉన్నాయి. టీవీ ఉండదు, ఏసీ ఉండదు. సుమారు 4,800 అడుగుల ఎత్తులో ఉన్న ఊరు కాబట్టి ఏసీ అవసరం అనిపించదు, జులైలో కూడా రాత్రి దుప్పటి కప్పుకోవలసిందే. వందేళ్లు దాటిన చెక్క కట్టడం, పైగదిలో అడుగు వేస్తే కింద వినపడుతుంది, పక్కగదిలో తలుపు వేస్తే గోడ చెబుతుంది. స్నానాల గదులు తర్వాతి కాలంలో ఇరికించినవి, చిన్నవి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లేవారు గది ఖాయం చేసుకునేటప్పుడే కింది అంతస్తు కావాలని అడగడం మంచిది, మెట్లు బాగానే ఎక్కవలసి వస్తుంది. అదే అద్దెకు కాలిస్పెల్ వైపు ఇంతకంటే పెద్ద గది, కొత్త మంచం, మంచి స్నానాల గది దొరుకుతాయి. ఇక్కడ ఇచ్చే డబ్బంతా హాలుకు, వరండాకు, స్టేషను ఎదుట ఉండటానికి.

హోటల్ భోజనశాలలో మాంసాహారానిదే పెద్దపీట. శాకాహారులకు సూపు, సలాడు, ఒకటి రెండు పాస్తాలు మించి దొరకవు. ఊళ్లో స్టేషనుకు దగ్గరలో ఒక మెక్సికన్ భోజనశాల ఉంది. అన్నం, చిక్కుడుగింజల కూర, కారం పచ్చడి దొరకడంతో మా బృందంలో పెద్దవాళ్లు అక్కడ తృప్తిగా తిన్నారు. ఆ ప్రాంతానికి ప్రత్యేకమైన హకల్‌బెర్రీ పండ్లతో చేసే పై అనే తీపి వంటకం మాత్రం వదులుకోకూడదు. ఊరగాయ సీసా, అటుకులు, పులిహోర పేస్టు పెట్టెలో పెట్టుకుని వెళ్లడం తెలుగువారికి ఎవరూ చెప్పనక్కర్లేదు గాని, గదిలో వంట పెట్టుకునే వీలు లేదు, రైలు రోజుల్లో అతిథి వంట చేసుకుంటాడన్న ఊహే ఎవరికీ లేదు. నాకు నచ్చని సేవ ఒకటే. కొండల్లోకి తీసుకెళ్తానని ముందే డబ్బు కట్టించుకున్న ఒక ప్రైవేటు వ్యాను ఉదయం రాలేదు, ఫోనుకు జవాబూ లేదు. కారు లేకుండా వెళ్లేవారు అధికారికంగా నడిచే బస్సుల్లోనే, అదీ నెలల ముందే, చోటు ఖాయం చేసుకోవడం క్షేమం.

ఆ బస్సులు కూడా చరిత్రలో భాగమే. 1936 నుంచి 1939 వరకు వైట్ మోటార్ కంపెనీ తయారుచేసిన 33 ఎర్ర బస్సులు పార్కులో ఉన్నాయి. పైకప్పు గుడ్డది, ఎండగా ఉంటే చుట్టి వెనక్కి పెట్టేస్తారు, చలి వేస్తే దుప్పట్లు ఇస్తారు. ఫోర్డ్ కంపెనీ సాయంతో 2002లో వాటిని బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించారు. మొత్తం పార్కు చుట్టి వచ్చే రోజంతటి యాత్ర ఖరీదైనదే, అయినా లోయ అంచున ఇరుకు దారిలో స్టీరింగ్ పట్టుకుని భయపడకుండా తల పైకెత్తి చూడగలగడం కోసం ఆ డబ్బు ఇవ్వవచ్చు. బ్లాక్‌ఫీట్ వారు స్వయంగా నడిపే యాత్రలు కూడా తూర్పు వైపు నుంచి బయలుదేరుతాయి. రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే నేను వీరినే ఎంచుకుంటాను. కొండల పేర్ల వెనకున్న కథలు వారికి ఇంటి సంగతులు, వినేవారికి ఆ తేడా తెలుస్తుంది.

హోటల్ నుంచి పన్నెండు మైళ్ల దూరంలో ఉన్న టూ మెడిసిన్ లోయ ఈ బసకు అసలైన ప్రతిఫలం. పడమటి వైపు జనసమ్మర్దం ఇక్కడ ఉండదు. దారిలో రన్నింగ్ ఈగిల్ జలపాతం వస్తుంది. పిటమాకన్ అనే బ్లాక్‌ఫీట్ వీరవనిత పేరు దానిది, రోడ్డు నుంచి అయిదు నిమిషాల చదునైన నడక. మంచు కరిగే రోజుల్లో నీరు కొండ అంచు మీదనుంచి దూకుతుంది. వేసవి ముదిరాక పైధార ఎండిపోయి, బండ నడుమ ఉన్న కన్నం నుంచి నీరు బయటికి వస్తుంది. రెండూ కలిసి పారే రోజులు కొన్నే. సరస్సు ఒడ్డున రైల్వే షాలేల్లో మిగిలిన ఒక కట్టడం ఇప్పుడు దుకాణంగా ఉంది. 1934 ఆగస్టు 5న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రేడియోలో దేశ ప్రజలతో మాట్లాడింది అక్కడి నుంచే. సరస్సు మీద సినోపా అనే చెక్క పడవ తిరుగుతుంది, అది 1926 నాటిది. పడవలో అవతలి గట్టుకు చేరి, అక్కడినుంచి ట్విన్ ఫాల్స్ దాకా నడిచి, తిరుగు పడవలో రావడం పిల్లలకూ పెద్దలకూ సరిపోయే పని.

ఇదే కాలంలో కట్టిన మిగతా బసలను కూడా పక్కన పెట్టి చూడాలి. 1915 జులై 4న తెరిచిన మెనీ గ్లేసియర్ హోటల్ స్విఫ్ట్‌కరెంట్ సరస్సు ఒడ్డున ఉంది. దృశ్యం ఒక్కటే కొలబద్దయితే దానికి సాటి లేదు, వరండాలోంచే కొండగొర్రెలు, ఎలుగుబంట్లు కనిపించే అవకాశముంటుంది. హాల్లో ఉన్న మెలికల మెట్లను 1957లో తీసేసి దుకాణం పెట్టారు, 2017లో మళ్లీ పాత పద్ధతిలో కట్టారు. అయితే రైలు దిగినవారికి అది చాలా దూరం, గది దొరకడం మరీ కష్టం. మెక్‌డొనాల్డ్ సరస్సు ఒడ్డున ఉన్న లాడ్జ్‌ను 1914లో తెరిచింది రైల్వే కాదు, లూయిస్ అనే వ్యాపారి. అప్పట్లో అతిథులు పడవలో వచ్చేవారు కాబట్టి దాని ముఖద్వారం సరస్సు వైపు ఉంది, ఇప్పుడు కార్లు ఆగేది పెరటి వైపు. కారున్నవారికి అన్నిటికంటే అనుకూలం అదే. బెల్టన్ షాలే పడమటి స్టేషనుకు ఎదురుగానే ఉన్నందువల్ల రైలువారికి రెండో మంచి బస. రాత్రి సరకు రైళ్ల కూత భరించాలి. ఎస్సెక్స్‌లో 1939లో కట్టిన ఐజాక్ వాల్టన్ ఇన్‌ది మరో తరహా. కనుమ ఎక్కడానికి రైళ్లకు అదనపు ఇంజన్లు తగిలించే సిబ్బంది పడుకోవడానికి కట్టినది అది. పక్కనే పార్కుకు కొత్త ద్వారం వస్తుందని ఆశపడ్డారు, రాలేదు. రైళ్ల పిచ్చి ఉన్నవారికి ఆ పరిసరాలు ఎంతో నచ్చుతాయి. స్పెర్రీ షాలే 2017 కార్చిచ్చులో కాలిపోయి రాతిగోడలు మిగిలితే, వాటినే నిలబెట్టి తిరిగి కట్టారు. అక్కడికి కాలినడకనో గుర్రం మీదో తప్ప వెళ్లలేరు. కెనడా వైపు గాలికి ఎదురొడ్డి నిలిచిన ప్రిన్స్ ఆఫ్ వేల్స్ హోటల్ 1927లో ఇదే రైల్వే కట్టినది, దానికి వీసా సంగతి చూసుకోవాలి.

నా లెక్కలో, రైల్లో వచ్చేవారు, పెద్దవాళ్లతో నెమ్మదిగా తిరగాలనుకునేవారు, టూ మెడిసిన్ చూడదలచినవారు గ్లేసియర్ పార్క్ లాడ్జ్‌లో రెండు రాత్రులు ఉండవచ్చు. మూడో రాత్రికి ఆ ఊళ్లో పని ఉండదు. లోగన్ కనుమ, హిడెన్ లేక్, అవలాంచ్ లేక్ ప్రధానమనుకునే కారువారు ఇక్కడ దిగితే రోజూ గంటలకొద్దీ దారిలోనే గడుస్తాయి, వారు సెయింట్ మేరీలోనో మెక్‌డొనాల్డ్ వైపునో చూసుకోవాలి. కొండదారి మీదికి కార్లను అనుమతించే నిబంధనలు ఏటికేడు మారుతున్నాయి కాబట్టి టికెట్లు కొనేముందే పార్కు వారి ప్రకటన చదవాలి. రైలువారు తేదీలు ఎంచుకునేటప్పుడు ఇంకో సంగతి గమనించాలి. హోటల్ వేసవిలోనే తెరిచి ఉంటుంది, సెప్టెంబరు చివరికల్లా మూసేస్తారు. ఈస్ట్ గ్లేసియర్ పార్క్ స్టేషనులోనూ రైలు ఏడాదంతా ఆగదు, చలికాలంలో పదమూడు మైళ్ల అవతల బ్రౌనింగ్‌లో ఆగుతుంది. అప్పుడు వచ్చేవారికి బ్రౌనింగ్‌లోని మైదాన ప్రాంత ఆదివాసుల మ్యూజియం చూసే వీలుందేమో ముందే కనుక్కుని, బస పడమటి వైపు వెతుక్కోవడం ఉత్తమం.